విండోస్ 10 రివ్యూ: పాత ల్యాప్‌టాప్ పారేయాల్సిందేనా?

కారులో టైమింగ్ బెల్టు రబ్బరు. నడిపినా నడపకపోయినా కొన్నేళ్లకు ఎండి పగులుతుంది, మార్చక తప్పదు. విండోస్ 10లో అలా అరిగే భాగమే లేదు. సిస్టమ్ నెమ్మదించిందంటే ముందు హార్డ్‌వేర్‌ని అనుమానించండి: పాత హార్డ్ డిస్క్, 4 జీబీ ర్యామ్, ఫ్యానులో దుమ్ము, ప్రాసెసర్ వేడిని బయటికి పంపే థర్మల్ పేస్ట్ ఎండిపోవడం. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. ఏ పనీ చేయకుండానే డిస్క్ 100 శాతం దగ్గర ఉంటే హార్డ్ డిస్క్ స్థానంలో సాటా ఎస్‌ఎస్‌డీ (చాలా వేగంగా పనిచేసే డిస్క్) వేయించండి, ర్యామ్ 8 జీబీ చేయండి. మిషను మళ్లీ లేచి కూర్చుంటుంది. టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ ట్యాబ్‌లో, ఆన్ చేయగానే వాటంతటవే మొదలయ్యే అక్కర్లేని ప్రోగ్రాములను ఆపేయండి.

అసలు చిక్కు వేరే ఉంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ముగిసింది. ఈఎస్‌యూ అనే మైక్రోసాఫ్ట్ పొడిగింపు పథకంలో నమోదైతేనే ఇంకొంతకాలం సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తాయి. అవి లేకుండా బ్యాంకు పనులు మాత్రం దీంట్లో చేయొద్దు.

విండోస్ 11కి మారాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా భాగం కావాలి. చాలా మిషన్లలో అది ఉంటుంది, బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగ్స్‌లో) ఆఫ్ చేసి ఉంటుంది, అంతే. ఇంటెల్‌లో పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అనే పేరుతో వెతకండి. ప్రాసెసర్ ఇంటెల్ ఏడో తరం లేదా అంతకన్నా పాతదైతే దాదాపుగా కుదరదు. అప్పుడు విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోండి.