అయిదు వందల కాపీలా, వంద కాపీలా, ఈబుక్కా: సొంతంగా పుస్తకం వేసుకునేవాళ్లకు ఏది మేలు?

నల్లగొండలో ఏ పుస్తకావిష్కరణకు పోయినా, సభ అయిపోయి చాయ్ తాగేటప్పుడు ఒకరిద్దరు పిల్లలు పక్కకు పిలిచి అడిగేది ఒకటే. "అన్నా, నా కవితలు వంద దాకా ఉన్నయి, పుస్తకం ఎట్ల ఏస్తే మంచిది? ఆఫ్‌సెట్‌ల ఏపియ్యాల్నా, ఆన్‌లైన్ల పెట్టాల్నా?" మొన్ననే నా రెండో కథల పుస్తకం వేసుకున్నాను, మొదటిదాన్ని కూడా మళ్లీ అచ్చు వేయించాను. రెండు దారులూ నడిచి చూశాను కాబట్టి ఇప్పుడు ఒకే చోట రాసి పెడుతున్నాను.

మొదటి పుస్తకం ఆఫ్‌సెట్, అంటే ప్లేట్లు చేసి పెద్ద మిషన్ మీద అచ్చు వేయడం. 160 పేజీలు, డెమీ సైజు, పదహారు పేజీల ఫారం లెక్కన పది ఫారాలు. ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చు, మిషన్ ఎక్కించే ఖర్చు వంద వేసినా వెయ్యి వేసినా ఒకటే కాబట్టి ఎన్ని ఎక్కువ వేస్తే కాపీ అంత చవక పడుతుంది. అందుకే అందరూ అయిదు వందలు వేయమంటారు, నేనూ వేశాను, కాపీకి 62 రూపాయలు పడింది. ఆవిష్కరణ నాడు అరవై పోయాయి, మిత్రులకు, గ్రంథాలయాలకు, సమీక్షకు కలిపి ఇంకో వంద. హైదరాబాద్‌లో పుస్తకాల షాపు వాళ్లు నలభై శాతం కమీషన్ అడిగారు, సరేనని యాభై ఇచ్చాను. మిగిలినవి ఇంట్లో బియ్యం డ్రమ్ము పక్కన అట్టపెట్టెల్లో ఉండిపోయాయి. రెండో వానాకాలంలో అడుగు పెట్టెకు చెమ్మ తగిలి నలభై కాపీలు అట్టలతో సహా అతుక్కుపోయాయి. వాటిని విడదీస్తూ కూర్చున్న ఆ సాయంత్రం నాకు ఇంకా గుర్తుంది.

ఈసారి డిజిటల్ ప్రింటింగ్‌లో వంద కాపీలు వేశాను. ప్లేట్లు ఉండవు, పీడీఎఫ్ నుంచి నేరుగా అచ్చవుతుంది, ముప్పై కావాలన్నా వేస్తారు. కాపీకి 110 రూపాయలు పడింది, అంటే దాదాపు రెట్టింపు. కానీ చేతిలోంచి పోయింది 11,000, మొదటిసారి పోయింది 31,000. మీరు టీచరై, చుట్టూ చదివే విద్యార్థులు, సంఘం వాళ్లు ఉండి, నాలుగు వందల కాపీలు ఖాయంగా పోతాయనుకుంటే ఆఫ్‌సెట్టే మేలు. ఊరి చరిత్ర, జాతర చరిత్ర లాంటి పుస్తకాలు కూడా అట్లనే పోతాయి. మొదటి కవితా సంపుటికి మాత్రం వంద చాలు.

అయితే నా దృష్టిలో అసలు తేల్చేది ఖర్చు కాదు, ఫైల్. మీ పుస్తకం ఫైల్ ఎవరి దగ్గర ఉంది, ఏ ఫాంటులో ఉంది అన్నది చాలామంది అడగనే అడగరు, నేనూ అడగలేదు. మొదటి పుస్తకం డీటీపీలో, అంటే కంప్యూటర్ మీద పేజీలు కూర్చే షాపులో, "అను" అనే రకం ఫాంట్లలో టైపు అయింది. మూడేళ్ల తర్వాత మళ్లీ వేద్దామని పోతే ఆ షాపులో కంప్యూటర్ మారిపోయింది, పాత హార్డ్‌డిస్క్ పాడైందన్నారు. నా దగ్గర మిగిలింది పెన్‌డ్రైవ్‌లో ఒక పీడీఎఫ్. అందులోంచి కాపీ చేసి వేరేచోట పెడితే ఒక్క తెలుగు అక్షరం రాలేదు, అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఆ ఫాంట్లు తెలుగు రూపాలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో పెట్టుకుని పనిచేస్తాయి, ఫాంటు తీసేస్తే లోపల తెలుగు లేదు. కన్వర్టర్‌తో మారిస్తే చాలావరకు వచ్చింది గానీ ఒత్తులు తప్పాయి, కొన్నిచోట్ల మాటలు కలిసిపోయాయి. నెలకు పైగా రాత్రిళ్లు కూర్చుని పేజీ పేజీ సరిచేశాను. అప్పుడు కనబడింది ఇంకోటి: నేను "తొక్కు" అని రాసినచోట డీటీపీలో "పచ్చడి" అయింది, "అంగి" కాస్తా "చొక్కా" అయింది. ప్రూఫుల్లో నా కళ్లకు ఆనలేదు. నా నాయనమ్మ మాట్లాడే మాటలు నా పుస్తకంలోనే మారిపోయి మూడేళ్లు జనం చేతుల్లో తిరిగాయి.

అందుకే ఆఫ్‌సెట్ అయినా, డిజిటల్ అయినా, ఈబుక్ అయినా, ముందు మీ రాతను మీరే యూనికోడ్‌లో, అంటే ఫాంటు మార్చినా లోపల తెలుగు తెలుగుగానే ఉండే పద్ధతిలో, టైపు చేసుకోండి, ఫోన్‌లో అయినా సరే. మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. కొందరు డీటీపీ వాళ్లు అలవాటు లేదని ఒప్పుకోరు, కానీ పేజీలు కూర్చే ఇండిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఇప్పుడు యూనికోడ్ తెలుగు ఒత్తులతో సహా సరిగానే వస్తుంది, పట్టుబట్టండి. పీడీఎఫ్‌తో పాటు ఇండిజైన్ ఫైల్ కూడా అడిగి తీసుకోండి.

ఫైల్ మన చేతిలో ఉంటే తక్కువ కాపీల విలువ అప్పుడు తెలుస్తుంది. కొత్త పుస్తకంలో ఒక కథలో మృగశిర కార్తెకే వరి నాట్లు పడ్డట్టు రాశాను. దేవరకొండ నుంచి ఒక పెద్దమనిషి ఫోన్ చేసి "బిడ్డా, మృగశిరకు నారు పోస్తరు గని నాట్లేస్తరా?" అన్నాడు. ఆ వాక్యం మార్చి తర్వాతి ముప్పై కాపీలు వేయించాను. అయిదు వందలు వేసి ఉంటే ఆ తప్పు అట్లనే ఉండిపోయేది.

ఇక ఈబుక్. అమెజాన్ కిండిల్‌లో 2016 డిసెంబరులో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు మొదలైనప్పుడు తెలుగు లేదు, అది నాకు ఇప్పటికీ బాధే. తెలుగు ఈబుక్కులకు కినిగె లాంటి మన వేదికలే అండగా నిలిచాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లకు చేరాలంటే ఈబుక్ మంచిదే. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు, అచ్చులో వచ్చిన పుస్తకం ఈబుక్ అయితే 5 శాతం, అచ్చు లేకుండా ఈబుక్ ఒక్కటే అయితే 18 శాతం. కాబట్టి అచ్చు వేసిన తర్వాతే ఈబుక్ పెట్టడం లాభం.

ప్రతిలిపి లాంటి యాప్‌లు వారం వారం సీరియల్ రాసే ఓపిక ఉన్నవాళ్లకు సరే, కవితలకు నేను చెప్పను. ప్యాకేజీ పేరుతో వేలకు వేలు తీసుకుని ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు) ఇప్పిస్తామనే వాళ్ల జోలికి పోకండి. రాజా రామ్మోహన్‌రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీ దాన్ని ఉచితంగానే ఇస్తుంది, రచయిత సొంతంగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు.

పోస్టు సంగతి కూడా చూసుకోవాలి, మన పాఠకులు ఊళ్లలోనే ఎక్కువ. పాత రిజిస్టర్డ్ బుక్‌పోస్ట్ 2024 డిసెంబరులో ఆగిపోయినప్పుడు చాలా టెన్షన్ పడ్డాం. 2025 మే 1 నుంచి పుస్తకాలు పంపడానికి తపాలా శాఖ వాళ్ల జ్ఞాన్ పోస్ట్ వచ్చింది: 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100, పన్ను అదనం. 160 పేజీల పుస్తకం కవరుతో కలిపి 300 గ్రాముల లోపే తూగుతుంది. పుస్తకం మీద ప్రింటర్ పేరో పబ్లిషర్ పేరో ఉండాలి, వ్యాపార ప్రచురణలు, పత్రికలు తీసుకోరు. మీ పుస్తకం దాని కిందికి వస్తుందో లేదో కౌంటర్లో ముందే కనుక్కోండి.

1922లోనే నీలగిరి పత్రిక వెలువడిన ఊరు మనది, నేను మాత్రం వంద కాపీలకు హైదరాబాద్ పోవాల్సి వచ్చింది. పోయిన నెల గడియారం సెంటర్ దగ్గర నన్ను అడిగిన మిర్యాలగూడ పిల్లవాడు నోటుబుక్కులోని కవితలు ఫోన్‌లో యూనికోడ్‌లోకి ఎక్కిస్తున్నాడు. అరవై అయినయి, ఇంకా నలభై ఉన్నయని నిన్ననే మెసేజ్ పెట్టాడు.