శ్రీకాళహస్తి కలంకారీ: నూలు దుపట్టాకు పూర్తి మార్కులు, పట్టు చీరకు కావు

తిరుపతి బజారులో కలంకారీ పేరుతో అమ్మే దుపట్టాల్లో మిషను మీద అచ్చయినవి చాలా ఉన్నాయి. చేత్తో గీసినదే కావాలనుకుని నేను శ్రీకాళహస్తికి వెళ్లి, పనివారి కుటుంబమే ఇంటి ముందు గదిలో నడుపుకుంటున్న ఒక చిన్న దుకాణంలో నూలు దుపట్టా ఒకటి, పట్టు చీర ఒకటి తీసుకున్నాను. రెండింటినీ కొన్ని నెలలు వాడి, ఉతికి చూసిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను.

దుపట్టా ధర 3,200 రూపాయలు. రెండు కొసల్లో చిలుకల వరుస, మధ్యలో తీగలల్లుకున్న చెట్టు ఉన్నాయి. దగ్గర పెట్టుకుని చూస్తే ఏ రెండు చిలుకల కళ్లూ ఒకేలా ఉండవు. తీగ మలుపు తిరిగే చోట గీత సన్నబడి, కొద్ది దూరంలోనే మళ్లీ లావెక్కుతుంది. వెదురు పుల్ల కొసకు కాస్త పైగా ఉన్ని చుట్టి దారంతో బిగించిన కలంతో గీస్తారు కనుక, వేళ్లతో ఆ ఉన్నిని నొక్కినప్పుడల్లా సిరా దిగి గీత బలపడుతుంది. అచ్చులో ఈ ఎగుడుదిగుడు రాదు. ఒక మూలన, ముందుగా చింతబొగ్గుతో వేసుకున్న చిత్తు గీత జాడ కూడా మిగిలింది; నాకది లోపమనిపించలేదు.

అయితే ఈ ధరలో పెద్ద భాగం బొమ్మ గీసిన చేతికే పోతుందని అనుకోకూడదు. అంతకంటే ఎక్కువ శ్రమ గుడ్డను సిద్ధం చేయడంలో, ఉతకడంలో ఉంది. ముతక నూలు గుడ్డలోని గంజి పోయేలా ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో నానబెట్టి ఎండబెడతారు. పాలలోని కొవ్వు రంగు పాకకుండా ఆపుతుంది, కరక్కాయలోని వగరు రంగును పట్టి ఉంచుతుంది. ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి తీసిన ద్రావణం ఆ వగరు తగలగానే నల్లబడి గుడ్డలోకి ఇంకిపోతుంది. ఎరుపు కావలసిన చోట ముందు పటిక నీళ్లు పూసి, ఆరనిచ్చి, అదనపు పటిక కొట్టుకుపోయేలా పారే నీటిలో జాడించి, ఆ తరువాత మంజిష్ఠ వంటి వేర్లు, చెక్కలు వేసిన నీటిలో మరిగిస్తారు. పటిక పట్టిన చోట మాత్రమే ఎరుపు నిలుస్తుంది. మళ్లీ ఉతుకు, మళ్లీ ఎండ, ఆపైన పసుపు, నీలం. ఇన్నిసార్లు జాడించవలసిన పనికి స్వర్ణముఖి ఒడ్డు దొరకడం ఈ ఊరి అదృష్టం, కానీ ఆ నదిలో ఏడాది పొడవునా నీరుండదు. నీళ్ల దగ్గర, రోజుల దగ్గర పొదుపు చేస్తే దాని ఫలితం మొదటి ఉతుకులోనే కనిపిస్తుంది. నా దుపట్టాను కుంకుడు రసంలో ఉతికినప్పుడు నీటిలో లేత పసుపు ఛాయ మాత్రమే దిగింది. ఎరుపు, నలుపు చెక్కుచెదరలేదు. కొత్తలో ఉన్న పాల వాసన కూడా రెండు ఉతుకులకే పోయింది.

పట్టు చీర విషయంలో ఇంత సంతోషంగా రాయలేను. గీత అదే చేతిది, అంతే చక్కనిది. కానీ "అన్నీ సహజ రంగులే" అని చెప్పి అమ్మిన ఆ చీరలోని మెరిసే గులాబీ, ఆకుపచ్చ రంగులు తడి తెల్లగుడ్డతో ఒత్తగానే దానికి అంటుకున్నాయి. తరువాత అడిగితే, అవి సీసాల్లో కొన్న రంగులేనని ఒప్పుకున్నారు. పట్టు మీద కొనుగోలుదారులు కోరే ఛాయలన్నీ వేర్లు, పువ్వులతో రావు. కొన్న రంగు వాడటం నేరమూ కాదు. ఆ సంగతి బిల్లు రాసే ముందే చెప్పకపోవడం మాత్రం తప్పు. 1957లో, చేతిపనుల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో శిక్షణ కేంద్రం వచ్చి నిలబెట్టిన విద్య ఇది. ఈ ఊరి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప శెట్టిగారికి 2008లో పద్మశ్రీ తెచ్చిన విద్య ఇది. ఈ ఊరి పేరుతోనే దీనికి భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా ఉంది. ఇంత పేరున్న సరుకుకు, ఏ గుడ్డ, ఏ రంగు, ఏది చేతిపని, ఏది అచ్చు అని రాసిన చిన్న చీటీ కట్టడం పెద్ద ఖర్చు కాదు. పెడనలో చెక్క అచ్చులతో అద్దే మచిలీపట్నం కలంకారీ కూడా అసలైన చేతిపనే. దాన్ని శ్రీకాళహస్తి కలంపనిగా చెప్పి అమ్మితే రెండు ఊళ్లకూ అన్యాయం జరుగుతుంది.

కొనదలచినవారు నూలు దుపట్టాను, నూలు చీరను నిశ్చింతగా తీసుకోవచ్చు; బేరం ఎక్కువగా ఆడవద్దని నా మనవి. పట్టు కొనేటప్పుడు ప్రతి రంగునూ విడివిడిగా చూపించి ఎక్కడిదని అడగండి, జవాబును బిల్లు మీద రాయించుకోండి. మొదటి ఉతుకు విడిగా చేసి, తిరగవేసి నీడన ఆరేయాలి. మనకు నచ్చిన బొమ్మతో గీయించుకోవాలంటే ముందుగా చెప్పి కొన్ని వారాలు ఆగాలి. వానల్లో గుడ్డ ఆరదు కనుక ఇంకా ఆలస్యమవుతుందని దుకాణంవారు ముందే చెబుతున్నారు.