సోవియట్ ఆఖరి శీతాకాల జట్టు ఆడిన చోట్లు: ఆల్బర్ట్‌విల్, లె సెజీ, మెరిబెల్ యాత్ర

1992 ఫిబ్రవరి 8న ఫ్రాన్స్‌లోని ఆల్బర్ట్‌విల్‌లో శీతాకాల ఒలింపిక్స్ మొదలయ్యాయి. అప్పటికి సోవియట్ యూనియన్ రద్దయి ఆరు వారాలు దాటింది. దేశం పోయింది కానీ ఆ దేశం తయారుచేసిన స్కీయర్లు, స్కేటర్లు, ఐస్ హాకీ ఆటగాళ్లు మిగిలారు. రష్యా, ఉక్రెయిన్, బెలారస్, కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్, ఆర్మీనియా వాళ్లు ‘యూనిఫైడ్ టీమ్’ పేరుతో ఒక్క జట్టుగా దిగారు. లిథువేనియా, లాట్వియా, ఎస్తోనియా అప్పటికే వేరుపడి సొంత జెండాలతో వచ్చాయి. ఈ ఆరు దేశాల వాళ్లు పతకం గెలిస్తే ఎగిరింది ఒలింపిక్ జెండా, మోగింది ఒలింపిక్ గీతం. 9 స్వర్ణాలు, 6 రజతాలు, 8 కాంస్యాలు, మొత్తం 23 పతకాలతో జర్మనీ తర్వాత రెండో స్థానం వాళ్లదే.

ఈ జట్టు అడుగుజాడల్లో వెళ్లాలనుకునేవాళ్లు ముందుగా ఆ 23 పతకాలు ఎక్కడెక్కడ వచ్చాయో చూడాలి. 15 లె సెజీలో, 6 ఆల్బర్ట్‌విల్ పట్టణంలో, ఒకటి మెరిబెల్‌లో, ఒకటి తీన్యెలో. ట్రావెల్ ఏజెంట్లు ఆల్ప్స్ ప్యాకేజీల్లో ముందు పెట్టే వాల్ డిజేర్, కూర్షెవెల్, లా ప్లాన్య్‌లలో ఒక్కటీ లేదు. అందుకని ఈ యాత్ర పేరున్న స్కీ రిసార్టుల యాత్ర కాదు, ఖర్చూ అంత కాదు. ఆల్బర్ట్‌విల్‌లో రెండు రాత్రులు, బ్రీడ్-లే-బాన్‌లో రెండు రాత్రులు ఉంటే అన్నీ నింపాదిగా చూడొచ్చు.

చేరుకోవడం

విమానంలో జెనీవాకో, లియోన్‌కో రావాలి. జెనీవా స్విట్జర్లాండ్‌లో ఉన్నా, ఎక్కువ రాత్రులు ఫ్రాన్స్‌లో గడుపుతారు కాబట్టి చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు ఫ్రాన్స్ తరఫునే దరఖాస్తు చేయాలి. జెనీవా విమానాశ్రయంలో స్విస్ వైపు, ఫ్రెంచ్ వైపు వేర్వేరు కారు అద్దె కౌంటర్లు ఉంటాయి. ఫ్రెంచ్ వైపు అద్దె తక్కువ కనిపిస్తుంది కానీ బండికి మంచు టైర్లు ఉన్నాయో లేవో బుకింగ్ అప్పుడే రాతపూర్వకంగా అడగాలి. సావ్వా జిల్లా కొండ ప్రాంతాల్లో నవంబర్ 1 నుంచి మార్చి 31 దాకా మంచు టైర్లు గానీ, డిక్కీలో గొలుసులు గానీ ఉండి తీరాలి. గొలుసులు తీసుకుంటే విమానాశ్రయం పార్కింగ్‌లోనే ఒకసారి చక్రానికి తొడిగి చూడండి. చీకట్లో, చేతులు కొంకర్లు పోతుంటే, రోడ్డు పక్కన మొదటిసారి తొడగడం చాలా కష్టం.

రైలంటే షాంబెరీ నుంచి ఆల్బర్ట్‌విల్‌కు లోకల్ రైలు ముప్పావు గంట, కాస్త అటూ ఇటూ. చలికాలం వారాంతాల్లో ప్యారిస్ నుంచి నేరుగా వేగవంతమైన రైళ్లు కూడా వస్తాయి. ఏ దారిన వచ్చినా ఫిబ్రవరిలో శనివారం ప్రయాణం వద్దు. ఇక్కడి అపార్ట్‌మెంట్లు శనివారం నుంచి శనివారానికి అద్దెకిస్తారు. పిల్లల సెలవుల్లో ఒక గుంపు దిగుతూ, ఇంకో గుంపు ఎక్కుతూ ఆల్బర్ట్‌విల్-ముతియే రహదారి గంటల తరబడి స్తంభించిపోతుంది. ఆదివారమో, మంగళవారమో దిగితే అదే దారి అరగంట.

ఆల్బర్ట్‌విల్

లోయ అడుగున ఉన్న మామూలు పనిపాటల పట్టణం. స్టేషన్ దగ్గరి హోటళ్లకు సోకులేమీ ఉండవు, శుభ్రంగా ఉంటాయి, ధరలో పై రిసార్టుల జోలికి పోవు. చూడాల్సింది ఒలింపిక్ హాల్. ఫిగర్ స్కేటింగ్, షార్ట్ ట్రాక్ (చిన్న చుట్టులో స్కేటింగ్ పరుగు) ఇక్కడే జరిగాయి. జంటల పోటీలో నతాలియా మిష్కుతియోనోక్, అర్తూర్ ద్మిత్రియెవ్. ఐస్ డాన్స్‌లో మరీనా క్లిమోవా, సెర్గెయ్ పొనొమరెంకో. పురుషుల్లో విక్టర్ పెత్రెంకో: మూడు స్వర్ణాలూ ఈ కప్పు కిందే వచ్చాయి. పెత్రెంకో ఒడెస్సావాడు. ఉక్రెయిన్ అప్పటికే స్వతంత్ర దేశం, అయినా అతను పోడియం ఎక్కితే సొంత గీతం వినబడలేదు. అదే పోడియంపై కాంస్యం అందుకున్న పీటర్ బార్నా చెకోస్లొవేకియావాడు. ఆ దేశమూ అదే ఏడు డిసెంబర్ 31తో ముగిసిపోయింది. రెండేళ్లకు తర్వాతి శీతాకాల ఒలింపిక్స్ వచ్చేసరికి, పోడియంపై నిలబడిన ముగ్గురిలో ఇద్దరికి తిరిగి ఆడడానికి ఆ జట్టే లేదు.

హాలు తర్వాత బాగా మార్చారు, ఎక్కే గోడ కూడా పెట్టారు. అప్పటి వేదిక అలాగే ఉంటుందనుకుని వస్తే నిరాశ తప్పదు. సందర్శకులకు ఉపయోగపడేది పబ్లిక్ స్కేటింగ్ సెషన్. బూట్లు అక్కడే అద్దెకిస్తారు. ఆ వారం సమయాలు ముందురోజే చూసుకోండి, క్లబ్ శిక్షణ, మ్యాచ్‌లు ఉన్న రోజుల్లో జనాన్ని రానివ్వరు. చేతికి గ్లవ్స్ తప్పనిసరి. బూటు మామూలు సైజుకే తీసుకుని మడమ దగ్గర గట్టిగా కట్టాలి. వదులు బూటుతో చీలమండ పక్కకు వాలిపోతుంది, కొత్తవాళ్లు పడేది ఎక్కువగా అందుకే.

దగ్గర్లోనే ప్రారంభోత్సవ వేదిక తాలూకు పొడవాటి స్తంభం ఒకటి నిలబడి ఉంది. మిగతా వేదికంతా తాత్కాలికం, అప్పుడే విప్పేశారు. స్పీడ్ స్కేటింగ్ జరిగిన చోటు ఇప్పుడు ఆటల మైదానం. సాయంత్రం మిగిలితే పట్టణం పైనున్న పాత కోట ఊరు కాంఫ్లాన్‌కు నడిచి వెళ్లండి, టికెట్ లేదు.

లె సెజీ: ఒక పూర్తి రోజు ఇవ్వాల్సిన చోటు

యూనిఫైడ్ టీమ్ పతకాల అసలు చోటు ఇదే. ఆల్బర్ట్‌విల్ నుంచి విలార్-సుర్-దోరోన్ మీదుగా ముప్పై కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, ముప్పావు గంట. మంచు పడుతుంటే గంట దాటుతుంది. 1,650 మీటర్ల ఎత్తున విశాలమైన పీఠభూమి. క్రాస్‌కంట్రీ (మంచు మీద స్కీలతో సాగే దూరపు పరుగు), బయాథ్లాన్ (ఆ పరుగు మధ్యలో తుపాకీతో గురి కొట్టే పోటీ) రెండూ ఇక్కడే జరిగాయి.

ల్యుబోవ్ యెగొరోవా ఇక్కడ మూడు స్వర్ణాలు, రెండు రజతాలు గెలిచింది. యెలేనా వ్యాల్బె నాలుగు వ్యక్తిగత పోటీల్లో నాలుగుసార్లూ మూడో స్థానంలో వచ్చి, రిలేలో మాత్రం స్వర్ణం అందుకుంది. ఆ రిలేలోనే రైసా స్మెతానినా తన పదో ఒలింపిక్ పతకం సాధించింది. నలభయ్యో పుట్టినరోజుకు అప్పటికి రెండు వారాలు కూడా లేదు. శీతాకాల ఒలింపిక్స్‌లో పది పతకాలకు చేరిన మొదటి వ్యక్తి ఆమే. పైనుంచి చూస్తే ఈ పీఠభూమి తెల్లటి మైదానంలా ఉంటుంది కానీ, స్కీలు కట్టుకుని ఒక కిలోమీటరు నడిస్తే ఎక్కుడూ దిగుడూ ఎంతుందో కాళ్లకు తెలుస్తుంది. యెగొరోవా ఐదు పోటీలు ఎలా పరిగెత్తిందో అప్పుడు అర్థమవుతుంది.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు కొండ దిగే స్కీయింగ్‌కు పాస్ కొనడం. క్రాస్‌కంట్రీ దారులకు వేరే నార్డిక్ పాస్ ఉంటుంది, ధర చాలా తక్కువ. దుకాణంలో ‘క్లాసిక్’ స్కీలు అడగండి. అడుగున బొచ్చు పట్టీ ఉన్న రకమైతే మైనం పూయనక్కర్లేదు, ఎక్కుడులో వెనక్కి జారదు. ‘స్కేటింగ్’ రకం చూడ్డానికి బాగుంటుంది కానీ మొదటిరోజు సమతూకం కుదరదు. మేజోళ్లు ఒకే జత, మందమైనవి వేసుకోండి. రెండు జతలు వేస్తే లోపల రాపిడికి బొబ్బలు లేస్తాయి. ఆకుపచ్చ గుర్తున్న చుట్టుతో మొదలుపెట్టి, పొద్దున తొమ్మిదికల్లా దారి మీద ఉండాలి. మార్చిలోనైతే మధ్యాహ్నానికి మంచు మెత్తబడి, స్కీల కోసం యంత్రం వేసిన గాడులు విరిగిపోతాయి. ఆ దారుల మీద బూట్లతో నడవకూడదు, నడిచేవాళ్లకు వేరే బాట ఉంది.

బయాథ్లాన్ పరిచయ తరగతి దొరికితే వదలొద్దు. పోటీలో గురి 50 మీటర్ల దూరాన ఉంటుంది. పడుకుని కాల్చేటప్పుడు కొట్టాల్సిన నల్లటి గుండ్రం వ్యాసం 45 మిల్లీమీటర్లు, అంటే నిమ్మకాయంత. నిలబడి కాల్చేటప్పుడు 115. స్కీయింగ్ చేసొచ్చి ఆయాసపడుతుంటే తుపాకీ గుండె కొట్టుకున్నప్పుడల్లా కదులుతుంది. 20 కిలోమీటర్ల పోటీలో నాలుగు విడతల్లో 20 తూటాలు, ఒక్కటి తప్పితే ఒక నిమిషం జరిమానా. యెవ్‌గెనీ రెద్కిన్ ఇరవైకి ఇరవై కొట్టి, మూడు తప్పిన జర్మనీవాడు మార్క్ కిర్చ్‌నర్‌ను ఆరేడు సెకన్ల తేడాతో ఓడించాడు. మహిళల బయాథ్లాన్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది ఆ ఏడే. 7.5 కిలోమీటర్లలో అన్ఫీసా రెజ్త్సోవా మూడు తూటాలు తప్పి, మూడు జరిమానా చుట్లు (ఈ పోటీలో జరిమానా నిమిషం కాదు, తప్పిన ప్రతి తూటాకూ ఒక అదనపు చుట్టు) తిరిగి కూడా మొదటిది వచ్చింది. అంతకుముందు 1988 కాల్గరీ ఒలింపిక్స్‌లో క్రాస్‌కంట్రీ రిలే స్వర్ణం గెలిచిన మనిషి కాబట్టే ఆ వేగం.

భోజనం దగ్గర శాకాహారులు జాగ్రత్త. బంగాళాదుంప, చీజ్‌లతో చేసే తార్తిఫ్లెత్‌లో పంది మాంసం ముక్కలుంటాయి. ఫాండ్యూలో వైన్ పోస్తారు. బొఫోర్ లాంటి స్థానిక చీజ్‌లు దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో పేరుస్తారు, పట్టింపు ఉన్నవాళ్లు దాన్నీ గుర్తుంచుకోవాలి. చిన్న చిన్న చదరపు ముక్కలుగా ఉండే ‘క్రోజే’ అనే పాస్తాను మాంసం లేకుండా చేసిమ్మంటే చేసిస్తారు, కానీ అందులో చీజ్ ఉంటుంది. మధ్యాహ్నం రెండు దాటితే వంటగది మూసేసే చోట్లు చాలా ఉన్నాయి.

బ్రీడ్-లే-బాన్, మెరిబెల్

హాకీ జరిగింది మెరిబెల్‌లో. అక్కడ గది తీసుకోవడం అనవసరం, ధరలు మండిపోతాయి. కింద లోయలోని వేడినీటి బుగ్గల ఊరు బ్రీడ్-లే-బాన్‌లో ఉండండి. 1992లో క్రీడాకారుల గ్రామం ఇదే. అప్పుడు పోటీల కోసం కట్టిన ‘ఒలింప్’ రోప్‌వే పాతిక నిమిషాల్లో నేరుగా మెరిబెల్‌లోని షోదాన్ దగ్గర దింపుతుంది, ఐస్ రింక్ ఆ పక్కనే. చికిత్సకు వచ్చేవాళ్లతో నడిచే ఊరు కాబట్టి హోటళ్లు ప్రశాంతంగా ఉంటాయి, రాత్రి భోజనంతో కలిపి గది ఇస్తారు. గదులు కొన్నిచోట్ల పాతబడినవే, ఫొటోలు చూసి తీసుకోండి. అపార్ట్‌మెంటైతే దుప్పట్లు, తువ్వాళ్లు అద్దెలో కలిశాయో లేదో అడగండి, చాలాసార్లు కలవవు.

రోప్‌వే సాయంత్రమే ఆగిపోతుంది. రింక్‌లో రాత్రి స్కేటింగ్‌కో, మ్యాచ్‌కో వెళితే దిగడానికి బస్సో, టాక్సీయో చూసుకోవాలి. టాక్సీకయ్యే డబ్బుతో బ్రీడ్‌లో గట్టి భోజనమే చేయొచ్చు. అందుకని మధ్యాహ్నం సెషన్ మేలు.

ఫిబ్రవరి 23న ఆ రింక్‌లో ఫైనల్ కెనడాతో జరిగింది. రెండు పీరియడ్లు గోల్ లేదు, మూడో దాంట్లో తేలి 3-1తో యూనిఫైడ్ టీమ్ గెలిచింది. వాళ్ల కోచ్ విక్టర్ తిఖొనోవ్. మూడో స్థానం చెకోస్లొవేకియాది. పతకాలు అందుకున్న మూడు జట్లలో రెండు మళ్లీ శీతాకాల ఒలింపిక్స్‌కు రాలేదు.

మిగతావి

తీన్యెలో యెలిజవెతా కొజెవ్నికోవా మోగుల్స్‌లో (మంచు దిబ్బల మీదుగా దిగే స్కీయింగ్) రజతం గెలిచింది. ఆ ఒక్క పతకం కోసం అంత దూరం పైకి వెళ్లడం స్కీయింగ్ చేసేవాళ్లకే గిట్టుబాటు. కూర్షెవెల్ కిందనున్న లె ప్రా గ్రామంలో స్కీ జంపింగ్ వాలులు రోడ్డు మీంచే కనిపిస్తాయి, చెకోస్లొవేకియా జట్టు కాంస్యం అక్కడిదే. అరగంట ఆగితే చాలు. లా ప్లాన్య్ బాబ్‌స్లే (మంచుగడ్డ కాలువలో జారే బండి) దారిలో సందర్శకులను బండిలో ఎక్కించి దింపుతారు. బాగుంటుంది, కానీ నడుము, మెడ నొప్పి ఉన్నవాళ్లు ఎక్కకూడదు, ముందే బుక్ చేయాలి.

నెలల సంగతికొస్తే జనవరి మూడు, నాలుగు వారాలు, మార్చి మధ్య అన్నిటికన్నా మేలు. మంచు ఉంటుంది, జనం పల్చబడతారు. ఏప్రిల్ చివరి నుంచి జూన్ మధ్య దాకా, మళ్లీ అక్టోబర్, నవంబర్లలో పై ఊళ్లలో హోటళ్లు, రోప్‌వేలు మూతపడతాయి. ఆ రోజుల్లో చౌక విమాన టికెట్ దొరికిందని బయల్దేరితే చూడగలిగేది ఆల్బర్ట్‌విల్ ఒక్కటే.