ఆరంగుళాల రెజిన్ డైమండ్ వీల్స్: నడుమ బంగారం, అంచులతోనే పేచీ

రాళ్లని అరగదీసి మెరుగుపెట్టే ఈ వీల్స్ సెట్‌లో 280 వీల్ మీద కోపం ఇంకా పోలేదు (అంకె పెరిగేకొద్దీ వీల్ మీది వజ్రపు రేణువు సన్నం). అరగదీయడంలో దానికి వంక పెట్టలేం. కానీ కొత్తలో అది పెట్టే గీతలు 600, 1200 దాటేదాకా దాక్కుని, 3000 దగ్గర మెరుపొచ్చాక బయటపడతాయి. "వాడుతుంటే అదే సర్దుకుంటుంది" అని అమ్మినవాళ్లు చెప్పింది సగమే నిజం. సర్దుకునేది నడుమ భాగం. అంచులు మాత్రం ఎంతకాలం వాడినా కొత్తవాటిలాగే గీకుతాయి.

కొత్త వీల్ మీద కొన్ని వజ్రపు రేణువులు మిగతావాటికంటే పైకి పొడుచుకుని ఉంటాయి. రాయి రాసుకునేకొద్దీ అవి అరిగో, ఊడో ముఖం సమమవుతుంది. కబోషన్ (ముఖాలు చెక్కకుండా నున్నగా, ఉబ్బెత్తుగా తీర్చే రాయి) చేసేటప్పుడు చెయ్యి తనంతట తను నడుమకే పోతుంది కాబట్టి రెండు పక్కలా పావు అంగుళం మేర రాయి తగలదు. ఎప్పుడో డాప్ పుల్ల (రాయిని అతికించి పట్టుకునే పుల్ల) మీద పెద్ద రాయి తిప్పుతుంటే దాని పక్క అంచుకి తగులుతుంది, లోతుగా ఒక గీత పడుతుంది. అగేట్ (క్వార్ట్జ్ జాతి రాయి) అయితే ఒక మెట్టు వెనక్కెళ్లి తీసెయ్యొచ్చు. నర్సీపట్నం వైపు దొరికే వైడూర్యం (పిల్లికన్ను రాయి) అయితే కాఠిన్యం పదికి 8.5, ఆ గీత పోయేసరికి ఓపిక పోతుంది. పోకపోతే రాయి మీద మెరిసే కన్నుగీత సరిగ్గా అక్కడ తెగినట్టు కనిపిస్తుంది.

అందుకే అసలు రాళ్లు ముట్టుకోకముందే అంచులతో సహా వీల్‌ని సాధు చేసుకోవాలి. అగ్గిపెట్టంత అగేట్ ముక్క చాలు, గోదావరి కంకరలో ఏరుకున్నదైనా సరే, పగుళ్లు మాత్రం ఉండకూడదు. ముందు దాని మూలలు 220 స్టీల్ వీల్ మీద గుండ్రంగా తీసెయ్యాలి. రెజిన్ కింద స్పాంజి ఉంటుంది, వాడి మూల దిగిందంటే పొర చిరుగుతుంది. నీళ్లు ధారాళంగా వదిలి, నొక్కకుండా, ఈ కొస నుంచి ఆ కొసకి ఆపకుండా రాయిని కదుపుతుండాలి. తర్వాత ముక్కని వాలుగా పట్టుకుని రెండు అంచుల మీదా విడిగా ఆడించాలి. 280కి ఇరవై నిమిషాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. 600కి అందులో సగం, పైవాటికి ఇంకా తక్కువ. వీల్ మార్చిన ప్రతిసారీ రాయి, చేతులు, ట్రే కడగాలి. లేకపోతే ముతక రేణువు సన్నవీల్ మీదకి చేరుతుంది, ఆ తప్పు వీల్‌ది కాదు.

అయిందో లేదో చూడ్డానికి నల్ల ఓనిక్స్ ముక్కని అంచు మీద రుద్ది, పూర్తిగా ఆరనిచ్చి, 10 రెట్ల లూప్‌తో (చిన్న భూతద్దంతో) చూడండి. తడి రాయి మీద గీతలు కనపడవు.

వైజాగ్‌లో మెట్లకీ గోడలకీ వాడే ఖోండలైట్ ఊరికే దొరుకుతుంది కదా అని దాంతో రుద్దొద్దు. అందులో గార్నెట్, క్వార్ట్జ్ గింజలు గట్టివి, చుట్టూ ఉన్నది మెత్తన. గింజ ఊడి స్పాంజి వీల్‌లో గాడి తీస్తుంది. నీళ్లు లేకుండా మాత్రం ఏ రాయీ వద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేస్తుంది.

3000తోనే అద్దంలా వస్తుందని మొదట్లో అందరికీ చెప్పాను. అగేట్ వరకు అది నిజమే. గార్నెట్‌కి మాత్రం 14,000 ఉంటేనే తృప్తిగా ఉంటుంది.

బీచ్ రోడ్డు పక్క ఉప్పుగాలికి షాఫ్ట్ తుప్పు పట్టి వీల్ బుష్ ఇరుక్కుంటుంది, బిగించేముందు షాఫ్ట్‌కి సన్నగా గ్రీజు పూయండి. పని అయ్యాక నీళ్లు కట్టేసి కాసేపు ఉత్తినే తిప్పితే స్పాంజిలో నీరు బయటికి పోతుంది. లేకపోతే అది కిందికి దిగి, మర్నాడు మోటారు వెయ్యగానే వీల్ ఊగుతుంది.

నెలకి ఒకటి రెండు అగేట్లు చేసుకునేవాళ్లకి సిలికాన్ కార్బైడ్ సాన బెల్టులే చాలు. నాలాగ గార్నెట్, వైడూర్యం ఎక్కువగా పట్టేవాళ్లు ఈ సెట్టే తీసుకోవచ్చు, వీల్స్‌ని సాధు చెయ్యడానికి ఒక సాయంత్రం కేటాయించగలిగితేనే.