ప్యాంటు జేబులో ఫోను, ఒళ్లో ల్యాప్‌టాప్: ముందు ఏది మానాలి?

పెళ్లై మూడేళ్లయినా పిల్లలు లేరని నా స్నేహితుడొకడు ఈమధ్య సెమెన్ అనాలిసిస్ (వీర్య పరీక్ష) చేయించుకుంటే కౌంట్, అంటే వీర్యకణాల సంఖ్య, తక్కువ వచ్చింది. ఆ రాత్రే వీడియో కాల్ చేసి అడిగిన మొదటి మాట, "ఒరేయ్, ఫోను జేబులో పెట్టుకోవడం వల్లేనంటావా?" అడుగుతున్నంతసేపూ వాడి ఒళ్లో ల్యాప్‌టాప్ ఉంది. అదీ ఛార్జర్ గుచ్చి మరీ, కాళ్లు దగ్గరగా పెట్టుకుని! ముందు దాన్ని దించరా అన్నాను.

ఎందుకంటే వేడి విషయంలో పెద్దగా వాదనే లేదు. వృషణాలు ఒంటి వేడి కన్నా 2 నుంచి 4 డిగ్రీలు చల్లగా ఉంటేనే వీర్యకణాల తయారీ సరిగ్గా సాగుతుంది, అవి శరీరం లోపల కాకుండా బయట ఉన్నది అందుకే. న్యూయార్క్‌లో 29 మంది కుర్రాళ్లను గంటసేపు ఒళ్లో ల్యాప్‌టాప్‌తో కూర్చోబెట్టి అక్కడి చర్మం వేడి కొలిచారు, 2005లో వచ్చింది ఆ ఫలితం. ఒకవైపు 2.6, ఇంకోవైపు 2.8 డిగ్రీలు పెరిగింది. నాకు ఆశ్చర్యం వేసింది ఇంకోటి: ల్యాప్‌టాప్ లేకుండా ఊరికే తొడలు దగ్గరగా పెట్టుకుని కూర్చున్నా 2.1 డిగ్రీలు పెరిగిందట. అంటే సగానికి పైగా తప్పు మన కూర్చునే తీరుదే. మరి కింద దిండో ప్యాడో పెట్టుకుంటే? అదే బృందం తర్వాత అదీ చూసింది, వేడి పెరగడం ఆగలేదు. అయితే ఒకటి ఒప్పుకోవాలి, వాళ్లు కొలిచింది వేడినే గానీ కౌంట్‌ని కాదు.

ఇప్పుడు ఫోను. ఇక్కడే గందరగోళమంతా. ఫోను వెలువరించేది రేడియో తరంగాలు, ఎక్స్‌రేలా డీఎన్‌ఏ బంధాలను నేరుగా తెంచేంత శక్తి వాటికి లేదు. అలాగని అనుమానాలు ఉత్తినే పుట్టలేదు. ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్లు 2014లో పది అధ్యయనాలను కలిపి చూస్తే, ఫోను ప్రభావానికి గురైన వీర్యంలో కణాల కదలిక సగటున 8 శాతం తగ్గినట్టు తేలింది. కాకపోతే అందులో కొన్ని ల్యాబులో గిన్నెలో పోసిన వీర్యం పక్కన ఫోను పెట్టి చేసినవి. గిన్నెకీ మనిషికీ తేడా ఉంది కదా, మధ్యలో బట్ట, చర్మం, కండ ఏవీ లేవక్కడ.

మనుషుల మీద పెద్ద లెక్క స్విట్జర్లాండ్ నుంచి 2023లో వచ్చింది. 18 నుంచి 22 ఏళ్ల మధ్య ఉన్న 2,886 మంది. వారానికి ఒకసారికి మించి ఫోను వాడని వాళ్లలో మిల్లీలీటరుకు మధ్యస్థంగా 5.65 కోట్ల కణాలుంటే, రోజుకు 20 సార్లకు పైగా వాడేవాళ్లలో 4.45 కోట్లు. తేడా ఉంది, నిజమే. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కింది హద్దు 1.6 కోట్లు, రెండు అంకెలూ దానికి చాలా పైనే ఉన్నాయి. అసలు సంగతేంటంటే, ఫోనును ప్యాంటు జేబులో పెట్టుకోవడానికీ కౌంట్ తగ్గడానికీ ఆ అధ్యయనంలో సంబంధమే కనబడలేదు. పైగా ఏళ్ల తరబడి సాగిన ఆ అధ్యయనపు తొలి ఏళ్లలో గట్టిగా కనిపించిన తేడా 3జీ, 4జీ వచ్చేకొద్దీ పలచబడింది. 2జీ ఫోను గరిష్ఠంగా 2 వాట్ల పవర్‌తో అరిస్తే, తర్వాతివి పావు వాట్ దగ్గరే ఆగుతాయి, బహుశా అందుకే. ఇంకో చిక్కు, రోజంతా ఫోను పట్టుకునేవాడు కదలకుండా కూర్చోవడం, నిద్ర తగ్గించుకోవడం కూడా చేస్తుంటాడు, దేనివల్ల తగ్గిందో విడదీసి చెప్పడం కష్టం.

కాబట్టి నా ఓటు స్పష్టం, ముందు ల్యాప్‌టాప్ బల్లెక్కాలి. ఫోను సంగతి ఆ తర్వాత.

ఫోను విషయానికొస్తే, ఎక్కడ పెట్టుకుంటే మేలంటే, బ్యాగో టేబులో. దూరం పెరిగేకొద్దీ తరంగాల బలం గబగబా పడిపోతుంది, కాస్త ఎడం ఉన్నా చాలు. జేబే దిక్కయితే కనీసం రెండు సందర్భాల్లో తీసేయండి. ఒకటి, సిగ్నల్ సరిగ్గా లేని చోట, ఎందుకంటే టవర్ అందకపోతే ఫోను గొంతు పెంచుతుంది. రెండు, హాట్‌స్పాట్ ఆన్‌లో ఉన్నప్పుడు. ఒక అరగంట హాట్‌స్పాట్ పెట్టి జేబు మీద చెయ్యి వేసి చూడండి, తొడకి వెచ్చగా తెలుస్తుంది. ఇయర్‌ఫోన్స్ వాళ్లదో తమాషా: తలకి రేడియేషన్ తగలకూడదని చెవిలో అవి పెట్టుకుని, మాట్లాడుతున్న ఫోనును ముందు జేబులో దోపుతారు!

యాంటీ రేడియేషన్ స్టిక్కర్ కొనడం వీటన్నిటికన్నా అధ్వానం. అది సిగ్నల్‌ని నిజంగానే అడ్డుకుంటే ఫోను ఇంకా ఎక్కువ పవర్ లాగుతుంది, అడ్డుకోకపోతే డబ్బులు దండగ.

మావాడు ల్యాప్‌టాప్‌ని టేబుల్ మీదకి మార్చాడు, సిగరెట్ మానే ప్రయత్నంలో ఉన్నాడు (అది నన్ను అడగను కూడా లేదు, ఫోనునే అనుమానించాడు). వచ్చే వారమే మళ్లీ టెస్టు చేయించుకుంటానని తొందరపడుతుంటే ఆపాను. వీర్యకణం తయారవడానికే సుమారు 74 రోజులు పడుతుంది, ఇవాళ మార్చింది రిపోర్టులో కనబడాలంటే మూడు నెలలు ఆగాల్సిందే.