రెండున్నరేళ్ళుగా నెత్తికెక్కించుకున్న హెడ్‌సెట్

మే నెల మధ్యాహ్నం కర్నూల్లో హెడ్‌సెట్ తగిలించుకుని గంటసేపు కంప్యూటర్ గేమ్ ఆడి చూడండి. డ్రైవర్, అంటే చెవి దగ్గరుండే స్పీకర్, 50 మిల్లీమీటర్లా, 40 మిల్లీమీటర్లా అన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. తీసేటప్పుడు ఉడకేసిన చెనక్కాయ పొట్టు ఒలిచినట్టు చెవి బయటికొస్తుంది. పెట్టె తెరిచిన వారానికే ఏసీ గదిలో కూర్చుని రాసిన సమీక్షలు చదివి కొన్నవాణ్ణి నేను. వాటిలో చెమట అన్న మాటే లేదు. అందుకే రెండున్నరేళ్ళు వాడాక ఇది రాస్తున్నా.

దీనికి ముందు 900 రూపాయలది ఒకటి ఉండేది. చెవుల పక్కన రంగుల లైట్లు, దయ్యం కళ్ళలా. యూఎస్‌బీ వైరు కూడా ఉంది కదా, లోపల సొంత సౌండ్‌కార్డు ఉంటుందని మురిసిపోయా. ఆ యూఎస్‌బీ లైట్లు వెలగడానికి మాత్రమేనట! శబ్దమంతా 3.5 ఎంఎం పిన్ను మీదే. తలకు పెట్టుకున్నాక ఆ లైట్లు మనకు కనపడవు కూడా. పైగా దాని పిన్ను ఒక్కటే, ఫోన్లకుండేది. నా డెస్క్‌టాప్ వెనకేమో శబ్దానికి ఆకుపచ్చ రంధ్రం, మైకుకు గులాబీ రంధ్రం వేరువేరుగా ఉన్నాయి. మైకు పనిచేయలేదని రెండు రోజులు కంప్యూటర్లో సౌండ్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్లు మార్చి మార్చి చచ్చాను. చివరికి కావలసింది ఒక పిన్నును రెండుగా చీల్చే స్ప్లిటర్ అనే చిన్న తోక. డెస్క్‌టాప్ వాళ్ళు కొనేముందు పెట్టెలో ఆ తోక ఉందో లేదో అడగండి.

ఇప్పుడు వాడుతున్నది అప్పట్లో 3,800 పడింది. ఆ మోడల్ ఇప్పుడు దొరకడం లేదు, పేరు చెప్పి లాభం లేదు. చెవి మొత్తం మూసే రకం, వైరుది, యూఎస్‌బీ. వంటింటి కాటాలో వేస్తే 330 గ్రాములు తూగింది. చేత్తో పట్టుకుంటే బరువే అనిపించదు, మూడో గంటలో నడినెత్తిన తెలుస్తుంది. నాకు కళ్ళద్దాలున్నాయి. మొదటి వారం చెవి పైన కాడ ఒత్తుకుని ఎర్రగా కమిలింది. రాత్రిపూట దాన్ని అదొచ్చిన పెట్టెకే సాగదీసి తొడిగి పెట్టేవాణ్ణి. నాలుగు రాత్రులకు పట్టు సడలింది. మరీ సాగదీస్తే కప్పు చెవికి ఆనదు, బేస్ అంతా సందులోంచి పోతుంది. చూసుకుని చేయాలి.

యూఎస్‌బీది తీసుకోవడానికి ఒక కారణం ఉంది. మా ఇంట్లో ఎర్తింగ్ అంతంతమాత్రం, కంప్యూటర్ కేబినెట్ ముట్టుకుంటే చురుక్కుమంటుంది. పాత హెడ్‌సెట్‌ను ముందువైపు జాక్‌లో పెడితే ఎప్పుడూ సన్నగా జుయ్యిమని మోత. దీన్ని పెట్టాక నా సిస్టంలో ఆ మోత పోయింది. అసలు చేయాల్సింది ఎర్తింగ్ బాగుచేయించడం. ఆ పనికి ఎలక్ట్రీషియన్‌ను రేపు పిలుస్తా, ఎల్లుండి పిలుస్తా అంటూనే ఉన్నా.

పెట్టె మీద పెద్దక్షరాలతో 7.1 సరౌండ్ అని ఉంది, అంటే చుట్టూ ఎనిమిది స్పీకర్లు ఉన్నట్టు. లోపలున్నవి రెండే స్పీకర్లు, చెవికొకటి. మిగతాదంతా సాఫ్ట్‌వేర్ లెక్కలు. కొన్న కొత్తలో అది ఆన్ చేసి కౌంటర్ స్ట్రైక్ అనే తుపాకుల ఆట ఆడితే కొండారెడ్డి బురుజు లోపల నిలబడి అరిచినట్టు అన్నీ గూంయ్‌మన్నాయి. అడుగులు వినపడతాయి, ఏ వైపో తెలియదు. శబ్దం మన తల ఆకారాన్ని బట్టి ఒక చెవికి తొందరగా, ఒక చెవికి ఆలస్యంగా, కొంచెం మారి చేరుతుంది. మెదడు దాన్నిబట్టే దిక్కు పడుతుంది. దాన్ని లెక్కగట్టే పద్ధతిని హెచ్‌ఆర్‌టీఎఫ్ అంటారు. 2023 సెప్టెంబరులో వచ్చిన కౌంటర్ స్ట్రైక్ 2లో ఆ పని ఆటే చేసేస్తుంది. అలాంటిదే ఇంకో ఆట వాలరెంట్‌లో సౌండ్ సెట్టింగుల్లో ఆన్ చేసుకోవాలి. ఆట ఒకసారి వండిన దాన్ని హెడ్‌సెట్ మళ్ళీ పొయ్యి మీద పెడితే మాడిపోదూ? 7.1 ఆపేసి మామూలు స్టీరియోలో పెట్టిన రోజు నుంచి ఇనుప మెట్ల మీద అడుగేదో, మట్టిలో అడుగేదో, అది ఎడమ పక్క వెనకనుంచా ముందునుంచా అన్నదీ తెలుస్తోంది. విండోస్‌లోనే ఉండే ఇలాంటి సరౌండ్ సెట్టింగు విండోస్ సోనిక్ ఆన్‌లో ఉంటే దాన్నీ ఆపండి. డబ్బాల మీద 7.1 అంకె చూసి ఐదొందలు ఎక్కువిచ్చేవాళ్ళను చూస్తే నాకు జాలి.

ఆదోనిలో ఉండే నా దోస్తు బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో ఆడతాడు. వాడు కాల్చాక వాడికే ఆలస్యంగా వినపడుతుంది. ఆడుతూ మాట్లాడుకునే యాప్ డిస్కార్డ్‌లో మైకు తెరవగానే ఆట శబ్దం పాత ల్యాండ్‌లైన్ ఫోన్లో విన్నట్టు అయిపోతుంది. బ్లూటూత్ మైకు మోడ్‌కు మారినప్పుడు నాణ్యత పడిపోవడం మామూలే. వైర్‌లెస్సే కావాలంటే యూఎస్‌బీలో గుచ్చే 2.4 గిగాహెర్ట్జ్ డాంగుల్ ఉన్నది చూడమని చెప్పా. "రేటు చూసినావా మామా?" అని ఫోన్ పెట్టేశాడు.

వాడే నన్ను ఏడిపించాడు కూడా. మాది కూలర్ ఇల్లు. మొదటి రాత్రి నేను మాట్లాడగానే, "ఏం మామా, ట్రాక్టర్ మీద కూచోని ఆడుతాండావా?" అన్నాడు. మైకు నోటికి ఎదురుగా పెట్టి, గెయిన్, అంటే మైకు శబ్దాన్ని పట్టే స్థాయి, నిండా పెంచిన పాపం నాదే. ఇప్పుడు నోటి మూలకు, రెండు వేళ్ళ దూరంలో పక్కకు పెట్టి, గెయిన్ సగానికి దించి, డిస్కార్డ్‌లో వెనక మోతను తీసేసే క్రిస్ప్ ఆన్ చేస్తే కూలర్ దాదాపు మాయం. ఊపిరి బుస్సుమనడమూ పోయింది. మైకుతో తీరని చిక్కు ఒకటుంది. మన గొంతు మనకు వినిపించే సైడ్‌టోన్ దీనికి లేదు. చెవులు మూసుకుపోతే మనం ఎంత గట్టిగా అరుస్తున్నామో మనకు తెలియదు. పక్కింటావిడ ఒకరోజు పొద్దున మా అమ్మను, "రాత్రి పన్నెండుకు మీ ఇంట్లో ఏందక్కా గలాట?" అని అడిగింది. అప్పటినుంచి నన్ను పిలవాలంటే అమ్మ గొంతు చించుకోదు, వచ్చి ట్యూబ్‌లైట్ స్విచ్చి రెండుసార్లు టకటకలాడిస్తుంది.

వెనక జాలీ ఉండే ఓపెన్ బ్యాక్ రకమైతే గాలాడుతుంది, చెమట తక్కువ. ఆ జాలీలోంచే కూలర్ మోత, అమ్మ సీరియల్ కూడా లోపలికొస్తాయి. వాటిని మించాలని వాల్యూమ్ పెంచుతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెళ్ళ దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చు, 90 దగ్గరైతే 4 గంటలే. మా ఇంటి మోతకు మూసిన రకమే సరి.

ఇక చెమట. పదకొండో నెలలో ఒక పూట అమ్మ నా చెంప మీద గోటితో గీకి, "ఏందిరా ఇది, మసా?" అంది. మసి కాదు, కప్పుల మీది రెక్సిన్ పొలుసులు. వేడికీ చెమటకూ ఆ పూత పొడి పొడిగా రాలిపోతుంది. ఎంత తుడిచినా ఆగలేదు. 450 పెట్టి బట్ట కప్పులు తెప్పించా. బేస్ కొంచెం పలచబడింది, బయటి మోత కొంచెం ఎక్కువైంది, అయినా మళ్ళీ రెక్సిన్ జోలికి పోను. ఇప్పుడు కొనేవాళ్ళకు నేను చెప్పే మొదటి మాట: ఆ మోడల్‌కు విడి కప్పులు దొరుకుతాయా, గుడ్డవి ఉన్నాయా అని ముందు వెతకండి. డ్రైవర్ సైజు తర్వాత.

రెండో ఏడు ఎడమ చెవి మూగబోయింది. ఊడదీసే వైరు కాదు, కుర్చీ చక్రం కింద నలిగింది. రాజ్‌విహార్ దగ్గర ఫోన్లు బాగుచేసే అన్న దగ్గరికి పట్టుకెళ్ళా. వైరు కోసి చూపించాడు. లోపల వెంట్రుకల్లాంటి రాగి పోగులు, ఎరుపొకటి, ఆకుపచ్చదొకటి, బంగారు రంగుదొకటి. వాటి మీద లక్క పూత ఉంటుందట, అది పోకపోతే సీసం అంటదు. లైటర్ మంట ఇలా తగిలించి అలా తీశాడు. పోగు కొస నల్లబడింది. గోటితో దులిపి, సీసం అద్ది, అతికించి, సన్న గొట్టం తొడిగి వేడి చేశాడు. "నీది అదృష్టం తమ్ముడూ, పిన్ను కాడ తెగలేదు" అన్నాడు. 120 తీసుకున్నాడు. అతుకు ఇప్పటికీ ఊడలేదు.

మళ్ళీ ఇదే దొరికితే కొనను. ఊడదీసే వైరు, సైడ్‌టోన్, 300 గ్రాముల లోపు బరువు ఉన్నది చూస్తా. తొందరేం లేదులెండి, ఇది ఇంకా మోగుతోంది. మొన్న కుడి కప్పు కుట్టు విప్పుకుంటే అమ్మే నాలుగు కుట్లేసింది. నల్ల దారం అయిపోయిందంట, ఎర్రదారంతో.