వైటాంగి ట్రీటీ గ్రౌండ్స్: అత్తమామలు వస్తే ముందు ఇక్కడికే

న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నుంచి కారులో మూడు గంటల పైనే. గైడెడ్ టూర్ తప్పకుండా తీసుకోండి. 1840 ఫిబ్రవరి 6న బ్రిటిష్ రాణి ప్రతినిధికీ మావోరి (ఇక్కడి మూలవాసులు) నాయకులకీ ఒప్పందం కుదిరిన చోటు ఇదే. ‘మరి మేం ఇండియన్లం ఎవరి పక్షం?’ అని మావోరి గైడుని అడిగేశాను. నవ్వింది. మీ వీసా ఇచ్చే ప్రభుత్వానికి ఇక్కడ హక్కు ఆ కాగితం వల్లే కదా, అందులోని మాట మీరూ నిలబెట్టాలి అంది. పౌరసత్వ ప్రమాణం చేసినరోజు కూడా ఇంత సూటిగా నాకెవరూ చెప్పలేదు.

చెక్కడాల సభామందిరం (1940లో ప్రారంభించింది) ముందు స్వాగతం, లోపల పాటలు, హాకా (అడుగులు తొక్కుతూ, కేకలు వేస్తూ చేసే మావోరి నృత్యం). మా గుంపుకి నాయకుడిగా మామయ్యగారిని నిలబెట్టారు. ముక్కూ ముక్కూ ఆనించి పలకరిస్తుంటే ఆయన బిగుసుకుపోయారు గానీ, చెప్పులు బయట విడవమంటే మాత్రం ‘ఇది పద్ధతి’ అని మురిసిపోయారు. 35 మీటర్ల యుద్ధపడవ దగ్గర పిల్లలు కదలరు.

న్యూజిలాండ్‌లో ఉండేవాళ్లకి టికెట్ తక్కువ, గుర్తింపు కార్డు పట్టుకెళ్లండి. శాకాహారులైతే పులిహోర కూడా.